శనివారం రెండింతలు

నెల్లూరు,
జూలై 9

వినీల గారికి,

మీ ఇంట దేవుని సమాధానం ఉండాలని కోరుకుంటూ ఎలిశబెతు రాయడం. గారు అని రాస్తుంటే నాకే వింతగా ఉంది. వయసులో మీరు నాకంటే చాలా చిన్న. మనిద్దరి మధ్యా వరసలు కుదరలేదు కాబట్టి గారు అనేస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

సంగతికి వస్తాను. ఫిబ్రవరిలో మా తమ్ముడు ఆండ్రూను సమాధి చేసిన తరువాత మీ క్వార్టర్స్ నుంచి మేము తెచ్చుకున్న ఉప్పునీళ్ళ తొట్టి మా ముందు గదిలో, నా కుట్టు మిషను పక్కనే ఉంది. చేపలు మేత వేస్తే ఎగబడి తింటున్నాయి. బాధ చేపలతో కాదు, ఆ రాయితో. వాడు తయారు చేసిన రాయి మీద గొట్టాల్లోంచి జడకుచ్చుల్లా విచ్చుకునే పురుగులు ఉన్నాయి కదా, అవి ఈమధ్య సరిగా బయటికి రావడం లేదు. వచ్చినా కుచ్చు కురచబడిపోయింది. పక్కన ఉన్న పసుపు స్పాంజి అంచులు తెల్లబడుతున్నాయి. చేపల మేత నలిపి వేశాను, ముట్టలేదు. ఇక్కడ చేపల దుకాణం అతన్ని అడిగితే, "అయి నోటితో కొరుక్కోని తినేటివి గాదక్కా. నీళ్ళల్లో కొట్టుకొచ్చేదాన్ని వడగట్టుకోని తింటాయి. వాటికి ఆల్గే నీళ్ళు, కంటికి ఆనని సన్న నాచు కలిసిన నీళ్ళు గావాల. మా దగ్గిర దొరకవు, రొయ్యల హేచరీ వాళ్ళని అడుగు" అన్నాడు.

హేచరీలో నాకు తెలిసినవాళ్ళు మీరొక్కరే. రొయ్య పిల్లల కోసం మీరు ఆల్గే పెంచుతారని ఆండ్రూ ఎప్పుడో చెప్పాడు. మీ వ్యాను నెల్లూరు మీదుగా పోతుంటుందట. ఒక క్యాను పంపగలరా? ఫోను చేద్దామని చేతిలోకి తీసుకున్నాను. చేయలేకపోయాను.

తల్లి లేని పిల్లవాణ్ణి చంకనెత్తుకొని పెంచాను. వాడి చేతి వస్తువు నా కళ్ళముందే చచ్చిపోతుంటే చూడలేను.

ఎలిశబెతు


హేచరీ క్వార్టర్స్,
బోగోలు మండలం,
జూలై 13

ఎలిశబెతు గారికి,

మీ జాబు చేరింది. ఫోను చేయకపోవడమే మంచిదైంది. మనుబోలు దగ్గర లారీ గుద్దిన రోజు ఆసుపత్రి నుంచి నేను మీకు ఫోను చేస్తే మీరన్న మాట ఇంకా నా చెవిలోనే ఉంది. "నీకేం సంబంధం మే? మా పిల్లోణ్ణి మేం తీసకపోతాం." ఐదేళ్ళు ఆయనతో కాపురం చేసినదాన్ని. కాగితం మీద అయితే ఆ మాట రాయడానికి మీకు కూడా కాస్త చెయ్యి ఆగుతుంది. కాబట్టి జాబులే రాసుకుందాం. మా వ్యాను డ్రైవరు పెంచలప్రసాద్ క్యాన్లతో పాటు తెచ్చి మీ గేటు దగ్గర ఇస్తాడు.

తొట్టిని 'తెచ్చుకున్నాం' అని రాశారు. ఆ రోజు నేను గుమ్మంలోనే కూర్చుని ఉన్నాను. మీ ఆయన మాథ్యూ గారు మనుషులను పెట్టి నీళ్ళు తోడి పారబోయించి, రాయిని తడి గోనెలో చుట్టించి పట్టుకుపోయారు. స్పాంజికి గాలి తగలకూడదు. తగిలితే లోపల గాలి నిలిచి అక్కడక్కడా చచ్చిపోతుంది. ఎవరూ నన్ను అడగలేదు.

సరే, పంపుతున్నాను. ఒక క్యానులో ఆల్గే ఉంది. టీ డికాషను రంగులో ఉంటుంది, చెడిపోయిందని పారబోయకండి. ఫ్రిజ్‌లో పెట్టి రోజూ ఒకసారి కుదపండి. రెండో క్యానులో వడగట్టిన సముద్రపు నీళ్ళు, తొట్టిలో నీళ్ళు కొంచెం కొంచెంగా మార్చడానికి. సందెవేళ కుచ్చులు విచ్చుకుంటాయి. అప్పుడు నురుగు తీసే ఫిల్టరు ఆపండి, లేకపోతే మేతంతా అదే లాగేస్తుంది. నీళ్ళు తిప్పే పంపు మాత్రం ఆడుతూ ఉండాలి. సూది లేని సిరంజితో ఆల్గే తీసుకొని, రాయికి కాస్త ఎగువన మెల్లగా వదలండి. పురుగు మీదికి చిమ్మితే బెదిరి లోపలికి పోతుంది. కాసేపాగి ఫిల్టరు మళ్ళీ వేయండి. కొంచెమే పెట్టాలి, కానీ రోజూ పెట్టాలి.

ఇక నేను ఒకటి అడుగుతున్నాను. దీనికి బదులుగా అడుగుతున్నానని అనుకుంటారేమో, అనుకోండి, నాకేమీ నామోషీ లేదు. ఫిబ్రవరిలో ఏడాది జ్ఞాపకార్థ కూడిక నాడు ఆయన సమాధి మీద రాయి నిలబెడతారని విన్నాను. దాని మీద 'భార్య వినీల' అని ఒక చిన్న వరస వేయించండి. ఆయన్ను చేసుకున్న రోజు నుంచి మా నాన్న హజరత్తయ్య తన ఇంట్లో నా పేరు ఎత్తనివ్వడు. మీరు మీ ఇంట్లో ఎత్తనివ్వరు. రిజిస్ట్రారు ఆఫీసు కాగితం బీరువాలో ఉంది, దాన్ని చూసే నాథుడు లేడు. రాయినైతే దారినపోయేవాళ్ళు కూడా చదువుతారు.

వినీల


నెల్లూరు,
జూలై 30

వినీలకు,

క్యాన్లు అందాయి. మొదట్లో ఏమీ తేడా కనబడలేదు. నువ్వు చెప్పినట్టే చేస్తూ వచ్చాను. మొన్న సాయంత్రం బ్లౌజుకు హుక్కులు కుడుతూ తలెత్తి చూస్తే ఎర్ర కుచ్చు ఒకటి నిండుగా విచ్చుకొని ఉంది. సూది పక్కన పెట్టేసి ఏడ్చాను. మాథ్యూ చూసి, "పురుగును జూసి ఏడస్తా ఉండావా, ఎవురన్నా ఇంటే నవ్వతారు" అన్నాడు. నవ్వితే నవ్వనీ.

సిరంజి పట్టడం నాకు బాగా చేతనైంది. ఒక్క ఆదివారం తప్ప రోజూ పెడుతున్నాను. మా ఇంట్లో ఆదివారం పొయ్యి వెలిగించం, మిషను తొక్కం, ఏ పనీ ముట్టం. మా అమ్మ ఉన్నప్పటి నుంచీ అంతే. ఆదివారం తినేది కూడా శనివారమే వండి పెట్టుకుంటాం. అందుకని వాటికి కూడా శనివారం సాయంత్రం రెండింతలు వేసేస్తున్నాను. అవి కూడా ఈ ఇంట్లోవే కదా, ఈ ఇంటి పద్ధతి నేర్చుకుంటాయి.

రాతి సంగతి అడిగావు. సమాధుల తోట వ్యవహారాలన్నీ సంఘ పెద్ద సంజీవరావు గారి చేతిలో ఉంటాయి. ఏ రాయి మీద ఏ అక్షరం వేయాలన్నా ఆయన ఒప్పుకోవాలి. మీ పెళ్ళి చర్చిలో జరగలేదు, నువ్వు బాప్తిస్మం తీసుకోలేదు. ఆయన చాలా పట్టుదల మనిషి. సమయం చూసి కదుపుతాను, తొందరపెట్టకు.

ఎలిశబెతు


హేచరీ క్వార్టర్స్,
ఆగస్టు 18

ఎలిశబెతు గారికి,

కుచ్చు విచ్చుకుందని చదివి నేను కూడా ఏడ్చాను. మాథ్యూ గారికి చెప్పకండి.

శనివారం రెండింతలు మాత్రం వేయకండి. మీరు అన్నం వండి గిన్నె మూసిపెడితే ఆదివారం తింటారు. వాటికి గిన్నె లేదు, గాదె లేదు. ఎదురుగా వచ్చినంత పట్టుకుంటాయి, మిగిలింది ఆ నీళ్ళలోనే కుళ్ళుతుంది. శనివారం కుళ్ళు, ఆదివారం ఆకలి, రెండూ వాటికే తగులుతాయి. మీరు ముట్టకూడదంటే మాథ్యూ గారి చేతనైనా వేయించండి. అదీ కాదంటే ఆదివారం ఊరికే వదిలేయండి, ఒక్కరోజు పస్తుకు చావవు. రెండింతలు వేస్తే చస్తాయి.

ఆ రాయి ఎట్లా పుట్టిందో మీకు తెలియదు కదా. పెద్ద ఊళ్ళలో లైవ్ రాక్ అని, ప్రాణులు పట్టిన రాళ్ళను సముద్రంలోంచి దొంగతనంగా తవ్వి తెచ్చి అమ్ముతుంటారు. ఆయనకు అది గిట్టదు. సిమెంటులో ఆల్చిప్పల ముక్కలు కలిపి, ఇసుకలో గుంట చేసి అందులో పోశాడు. ఎండాక తీస్తే పెద్ద మాడిన ఇడ్లీలా ఉంది. నేను పడి పడి నవ్వాను. "నవ్వు, నవ్వు. ఇంకో రెండు వానలు పోనీ, ఇదే ఊపిరి తీసుకుంటాది" అన్నాడు. నైలాను తాడు కట్టి మా హేచరీ సముద్రపు నీళ్ళ రిజర్వాయరులో వేలాడదీశాడు. దాని మీద ముందు పాకుడు పట్టింది, తరువాత నత్తగుల్లలు, ఆల్చిప్పలు పట్టాయి, ఆ తరువాత గొట్టాలు లేచాయి. ఆదివారం ఆదివారం తాడు కొంచెం లాగి, నీళ్ళ పైకి రానీకుండా చూసేవాళ్ళం. కొత్తది ఏదైనా కనబడితే నన్ను కేక వేసేవాడు. మాకు పిల్లలు లేరు. ఆ రాయి పుట్టడం మేమిద్దరం కలిసి చూసుకున్నాం. దాన్ని మీరు గోనెలో చుట్టి పట్టుకుపోయారు.

కోపంగా రాస్తున్నాను, అవును. సంజీవరావు గారితో మాట్లాడారా?

వినీల


నెల్లూరు,
సెప్టెంబరు 12

వినీలకు,

నీ జాబు చదివి చాలా రోజులు జవాబు రాయబుద్ధి కాలేదు. ఆదివారం ఏది పనో ఏది కాదో నీ దగ్గర నేర్చుకోవలసిన గతి నాకింకా పట్టలేదు. ఈ ఇంట్లో శనివారం రెండింతలు వండుకొని తిని ఎవరూ చావలేదు. పురుగులూ చావవు. వాడు ఆదివారాలు ఆరాధన ఎగ్గొట్టి తాడు లాగుతూ కూర్చున్నాడని నీ జాబు చూస్తే తెలిసింది. చిన్నప్పుడు ఆదివారం గోళీలు ఆడాడని వీపు చిట్లగొట్టాను. నా చేతిలో అట్లా పెరిగిన పిల్లవాడు.

ఐదేళ్ళు నా గడప తొక్కలేదు. నేనే తొక్కనివ్వలేదని నువ్వు అంటావు. "ఆ పిల్లను తీసుకోని అయితే రాబాక" అన్నది నేనే. బతిమాలుతాడనుకున్నాను. "అయితే రాన్లే అక్కా" అన్నాడు. అన్నం వద్దులే అన్నంత తేలిగ్గా అనేశాడు. ఇప్పుడు వాడు చేసిన ఇడ్లీ సంగతి, వాడు వేసిన కేకల సంగతి నీ జాబులో చదువుకోవలసి వచ్చింది. చదివిన పేజీనే మళ్ళీ చదువుతున్నాను. వాడికి కోపం వస్తే నీ దగ్గర ఎట్లా ఉండేవాడు? నా దగ్గరైతే తలుపు చాటున నిలబడి గోడకు చెప్పుకునేవాడు. అదీ ఇదీ రాయి. మేతకు సంబంధం లేనివి కూడా రాయి.

మొన్న ఆరాధన అయ్యాక సంజీవరావు గారితో నీ మాట ఎత్తాను. సరేనన్నట్టే తలూపారు. రాయి చెక్కేవాళ్ళకు చెబుతాను. దీని గురించి మళ్ళీ మళ్ళీ అడగకు, మరదలా. క్యాన్లు మాత్రం ఆపవద్దు.

ఎలిశబెతు


హేచరీ క్వార్టర్స్,
సెప్టెంబరు 20

వదినకు,

రాసేశాను చూడండి, వదిన అని. రాసి కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఇన్నేళ్ళలో ఈ మాట నేను ఎవరినీ అనలేదు.

సంజీవరావు గారికి నా నమస్కారాలు చెప్పండి. వందనాలు అనాలేమో, ఏది సరైతే అది చెప్పండి. అక్షరాలు పెద్దవి అక్కర్లేదు. మీ పేరు పైన వేయించుకోండి, పెంచినవారు. నాది అడుగున ఉన్నా చాలు.

ఆయనకు నా దగ్గర కూడా కోపం వస్తే గోడకే చెప్పుకునేవాడు. "జూడు గోడా, ఈమె చారులో ఉప్పు మర్చిపోయి, నాకు నాలిక పన్జెయ్యటం లేదంటా ఉంది" అనేవాడు. గోడ తరఫున నేనే జవాబు చెప్పేదాన్ని. ఇప్పుడు గోడ ఉంది.

ఈసారి ఆల్గే బాగా చిక్కగా వచ్చింది. పెద్ద క్యానులో పోసి పంపుతున్నాను. చిక్కన కాబట్టి మామూలు కంటే తక్కువ వేయండి. శనివారం సంగతి మరిచిపోకండి, మీ కాళ్ళకు మొక్కుతాను. క్రిస్మస్ ముందు ఒకసారి వచ్చి రాయిని చూసి పోతాను. మీ ఇంట్లో కూర్చోనక్కర్లేదు, తొట్టి ముందు కాసేపు నిలబడితే చాలు.

మరదలు వినీల


నెల్లూరు,
అక్టోబరు 25

మరదలు వినీలకు,

రాయి బాగుంది. ఎర్ర కుచ్చు నిండుగా విచ్చుకుంటోంది. స్పాంజి కూడా బాగుంది.

ఇప్పుడు రావద్దు. ఇంటికి సున్నాలు వేయిస్తున్నాం, ముందు గదిలో సామానంతా చిందరవందరగా ఉంది. పండక్కి కుట్టాల్సిన బ్లౌజులు కుప్పగా పడి ఉన్నాయి. తీరిక చూసి నేనే రమ్మంటాను.

క్యాన్లు పంపుతూ ఉండు. గోడ సంగతి చదివి నవ్వుకున్నాను. ఇంకా రాయి.

ఎలిశబెతు


హేచరీ క్వార్టర్స్,
డిసెంబరు 3

వదినకు,

వాయుగుండం వచ్చి మా రోడ్డు మునిగిపోయింది. అందుకే వ్యాను రాలేదు. ఆల్గే లేక రాయి ఏమైందోనని నాకు నిద్ర లేదు. కుచ్చులు కురచబడ్డాయా? ఆల్చిప్పలు నోళ్ళు తెరిచి ఉన్నాయా, బిగించుకుని ఉన్నాయా? తట్టితే మూసుకుంటే బతికి ఉన్నట్టు. రాయి వెనక వైపు, కింద, ఒక తెల్ల కుచ్చు ఉండేది. అది చిన్నది, మిగతావాటి నీడలో పడి దానికి మేత అందేది కాదు. ఆయన సిరంజిని వంచి దానికి వేరుగా పెట్టేవాడు. "ఇది వినీల, ఎవురూ చూడని చోట పుట్టింది" అనేవాడు. అది ఉందో లేదో ఒక్కసారి వంగి చూసి రాయండి.

రాయి చెక్కడం మొదలుపెట్టారా?

వినీల


నెల్లూరు,
డిసెంబరు 15

వినీలకు,

తెల్లది ఉంది. బాగుంది. ఎర్ర కుచ్చు నిండుగా విచ్చుకుంటోంది. పండగ పనుల్లో ఉన్నాను, ఎక్కువ రాయలేను. రాయి సంగతి నడుస్తోంది.

కేకు పంపుతున్నాను, పెంచలప్రసాద్‌కు కూడా పెట్టు.

ఎలిశబెతు


హేచరీ క్వార్టర్స్,
జనవరి 8

ఎలిశబెతు గారికి,

మొన్న మీరు ఇంట్లో లేరు. మాథ్యూ గారు పెంచలప్రసాద్‌ను పిలిచి క్యాన్లు లోపల పెట్టమన్నారు. లోపలికి పోయి చూస్తే తొట్టిలో నీళ్ళు లేవు. అందులో మీరు కుట్టిన బ్లౌజులు మడతలు పెట్టి ఉన్నాయి. నేను పంపిన క్యాన్లు పెరట్లో గోడవారన, మూత తీయకుండా, ఎండలో ఉబ్బి ఉన్నాయి. వీడు అడిగితే మాథ్యూ గారు ఉన్నమాట చెప్పారు. ఆయన మాటలు వీడు నాకు పొల్లు పోకుండా చెప్పాడు.

"అక్టోబరులోనే పోయినాయబ్బా. శనివారం పెద్ద క్యానులో చిక్కంది వచ్చిందని గ్లాసులు గ్లాసులు పోసింది. ఆదివారం పొద్దున లేసి జూస్తే నీళ్ళు పాలమాదిరి ఉండాయి. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరస్తా ఉండాయి. సగం నీళ్ళు మారుద్దాం మే అంటే, ఈరోజు ఎవురూ ముట్టబాకండి, దేవుడే చూసుకుంటాడు అనింది. సోమవారం ముట్టినాం. అప్పిటికి ముట్టేదానికి ఏమీ లేదు."

వడగట్టిన సముద్రపు నీళ్ళ క్యాను మీ పక్కనే ఉంది. మూత తీసి పోస్తే అవి బతికేవి. రోజంతా తొట్టి ముందు కూర్చుని చావడం చూశారన్నమాట. ఆ తరువాత ఎర్ర కుచ్చు విచ్చుకుంటోందని నాకు రాశారు. రెండు జాబుల్లో ఒకటే వాక్యం రాశారు, నేను వెర్రిదాన్ని, రెండుసార్లూ సంతోషపడ్డాను. తెల్లది ఉంది అని కూడా రాశారు. ఎట్లా రాయగలిగారు?

చచ్చాయని ఒక్క ముక్క రాసి ఉంటే నేను ఇక్కడ దీపాల కింద ఆల్గే పెంచుతూ, ఆయనకే పెడుతున్నాననుకుంటూ ఇన్నాళ్ళు ఉండేదాన్ని కాదు.

వినీల


నెల్లూరు,
జనవరి 14

వినీలా,

నువ్వు రాసినవన్నీ నిజమే. ఆ రోజు నేను ప్రార్థన చేస్తూనే ఉన్నాను. దేవుడు వాటిని నిలబెడితే నా పద్ధతి తప్పు కాదని వాడికి తెలుస్తుందనుకున్నాను. చచ్చిపోయినవాడికి ఏం తెలుస్తుందని అడక్కు.

ఎందుకు దాచానని అడుగుతావు. క్యాను ఆగిపోతే నీ జాబు కూడా ఆగిపోతుంది. మా ఇంట్లో వాడి పేరు ఎత్తితే మాథ్యూ మాట మారుస్తాడు. చర్చిలో అందరూ 'ప్రభువు దగ్గర ఉన్నాడు' అని ఊరుకుంటారు. వాడు మాట్లాడేది నీ జాబుల్లో ఒక్కటే. చారులో ఉప్పు లేదని గోడకు చెప్పిన మాట నేను ఇంకెక్కడ వినాలి? అందుకే బాగుంది, బాగుంది అని రాశాను.

నీ పేరు సంగతిలో మాత్రం నిశ్చింతగా ఉండు. ఏడాది కూడిక నాడు రా. ముందు వరసలో కూర్చో.

ఎలిశబెతు


హేచరీ క్వార్టర్స్,
ఫిబ్రవరి 24

ఎలిశబెతు గారికి,

వచ్చాను. తెల్లచీర కట్టుకొని వచ్చాను, మీ వాళ్ళలో కలిసిపోవాలని. మీరు నన్ను చూశారు, చూసి పాట పుస్తకంలోకి తల దించుకున్నారు. గుడ్డ తీశాక రాయి చదివాను. నున్నటి నల్ల రాయి, అక్షరాలకు బంగారు రంగు. ఆయన పేరు, పుట్టిన రోజు, పోయిన రోజు. కింద 'ప్రియ సహోదరి ఎలిశబెతు నిలిపిన జ్ఞాపకం' అని ఉంది. ఇంకేమైనా ఉందేమోనని రాయి వెనక్కి పోయి కూడా చూశాను. మీ సంఘం ఆడవాళ్ళు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు.

అంతా వెళ్ళాక ఒక పెద్దాయన వచ్చి నాకు కుర్చీ వేయించాడు. మంచినీళ్ళు తెప్పించి ఇచ్చాడు. "నువ్వు ఆండ్రూ భార్యవి గదా పాపా? రాతి మీద నీ పేరు లేదేంది?" అని అడిగాడు. పెద్దలు ముందు ఒప్పుకొని ఆఖరున కాదన్నారేమోనండీ అన్నాను. ఆయన ముఖం అదోలా అయిపోయింది. "పెద్దలంటే నేనే పాపా. నన్నెవురూ అడగలేదే. ఎలిశబెతమ్మ ఒక్కమాట చెప్పుంటే నేనే దగ్గరుండి వెయ్యించుండేవాణ్ణి. పెళ్ళి యాడ జరిగితే ఏంది, పెళ్ళాం పెళ్ళామే గదా" అన్నాడు.

ఆయనే సంజీవరావు గారట. రాయి చదివినప్పటి నుంచీ ఆ మనిషినే నేను మనసులో తిట్టుకుంటూ ఉన్నాను. తలూపారని రాశారే, ఎవరి తల ఊగింది?

వినీల


నెల్లూరు,
మార్చి 2

వినీలా,

సంజీవరావు గారు నన్ను పిలిచి నలుగురిలో అడిగారు. తల ఎత్తుకోలేకపోయాను. నీకు తృప్తిగా ఉంటుందని ఇది రాస్తున్నాను.

అడిగితే ఆయన ఒప్పుకుంటారని నాకు తెలుసు. తెలిసే అడగలేదు. బతికి ఉండగా వాణ్ణి నువ్వు పట్టుకుపోయావు. మట్టిలోనైనా వాణ్ణి నా ఒక్కదాని దగ్గరే ఉండనీ అనుకున్నాను. చెక్కేవాడు "ఇంకేమన్నా పేర్లుండాయా అమ్మా" అని అడిగినప్పుడు నీ పేరు నా నోటిదాకా వచ్చింది. లేవు అన్నాను.

అయినా మించిపోయింది లేదు. నా పేరు కింద ఖాళీ ఉంది. 'భార్య వినీల' అని ఒక వరస పడుతుంది. ఈ వారమే మనిషిని పిలిపించి చెక్కిస్తాను. నువ్వు మాత్రం జాబులు మానవద్దు. నెలకొకటి రాసినా చాలు. వాడి సంగతులు నీ దగ్గర ఇంకా చాలా ఉంటాయి. నాకు అయిపోయాయి, చిన్నప్పటివే మళ్ళీ మళ్ళీ తిప్పుకుంటున్నాను.

తొట్టిలోని ఆ రాయి నీ దగ్గరికి పంపుతున్నాను, అది నీదే. వాసన వస్తుంటే సబ్బు పెట్టి రుద్ది శుభ్రంగా కడిగాను.

నీ వదిన
ఎలిశబెతు


హేచరీ క్వార్టర్స్,
మార్చి 9

ఎలిశబెతు గారికి,

రాయి అందింది. గొట్టాలు కూడా గీకేశారు. ఆయన పోతపోసిన రోజు ఎట్లా ఉందో అట్లానే ఉంది, సబ్బు వాసన తప్ప. మంచినీళ్ళలో నానబెట్టి, నీళ్ళు మార్చి, మళ్ళీ నానబెట్టి, ఆ వాసన పోయాక ఆయన బిగించిన పాత కొక్కేనికే తాడు కట్టి రిజర్వాయరులో దించాను.

నా పేరు వేయించవద్దు. జూలైలో అయితే మీ కాళ్ళు పట్టుకొని అయినా వేయించుకునేదాన్ని. సెప్టెంబరులో మీ పేరు కింద అడుగున ఉన్నా చాలని నేనే రాశాను. ఇప్పుడు మీ పేరు కింద నా పేరు ఉండటం నాకు ఇష్టం లేదు. సంజీవరావు గారికి కూడా విడిగా జాబు రాశాను, నాకు అక్కర్లేదని. ఆ ఖాళీ అట్లాగే ఉండనీయండి. దారినపోయేవాళ్ళకు అది కనబడదు. ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక మీరు అక్కడికి పోతారు కదా, మీకు కనబడుతుంది.

ఆయన సంగతులు నా దగ్గర చాలా ఉన్నాయి. ఏదీ మీకు రాయను. ఇంకో రెండు వానలు పోతే రాయి మీద మళ్ళీ ఏమైనా మొలుస్తుందేమో. మొలిచినా మీకు రాయను.

మీ పెరట్లో ఉన్న క్యాన్లు హేచరీవి. పెంచలప్రసాద్ మంగళవారం వస్తాడు. కడిగి గేటు దగ్గర పెట్టండి.

వినీల